సుర్మయి మీద మోపిన నేరం

అండమాన్ దీవుల్లో, రంగత్ బే జెట్టీలో బోటు టికెట్ల కిటికీ వెనక కూర్చునే పద్మినికి ఊళ్ళో మంచిపేరు లేదు. దాని కోసం ఆమె ఏనాడూ పాటుపడలేదు కూడా. వరసలో నిలబడ్డవాడు ఏ పెద్ద ఆఫీసరుగారి బావమరిదైనా, చేపలబుట్టతో వచ్చిన ముసలమ్మైనా, ముందు వచ్చినవారికే ముందు టికెట్టు. ఆ నియమానికి ఆమె దగ్గర మినహాయింపులు లేవు. "దీదీ, ఒక్క సీటు చూడండి, అర్జెంటు" అంటూ కిటికీలోంచి చెయ్యి దూర్చినవాడికి, "సీటు నా ఒళ్ళో ఉందేటి, తీసి ఇయ్యడానికి? లైన్లోకి ఎల్లు" అన్నదే జవాబు. ఆమె తండ్రి టెక్కలి వైపు నుంచి అడవిశాఖ కూలీగా ఓడెక్కి వచ్చాడు. ఆమే, తమ్ముడు దుర్గారావూ ఈ దీవిలోనే పుట్టి పెరిగారు. యాభై దాటినా పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవారికి పద్మిని చెప్పిన సమాధానాలు అచ్చువేయదగినవి కావు.

ఇంతటి మనిషీ మెత్తబడేది ఒక్క సుర్మయి దగ్గరే. చేపల బజారులో సుర్మయి, అంటే వంజరం చేపల, తలకాయల కుప్ప పక్కన దొరికిన బూడిదరంగు పిల్లికూనకు బజారువాళ్ళే ఆ పేరు పెట్టారు. ఇప్పుడది పళ్ళు సగం ఊడిన ముసలిది. ఈ ఏడు వానాకాలం మొదట్లో అది బకెట్లో మూతిపెట్టి అదేపనిగా నీళ్ళు తాగడం, ఎంత తిన్నా ఒంటికి పట్టక చిక్కిపోవడం గమనించి, పద్మిని దాన్ని ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని ట్రంకు రోడ్డు బస్సులో పోర్ట్ బ్లెయిర్ తీసుకువెళ్ళింది. దారి పొడుగునా పిల్లి అరుస్తూనే ఉంది. విసుక్కున్న ప్రతి ప్రయాణికుడితోనూ ఆమె తగువు పెట్టుకుంది. అక్కడ సింధూరి అనే పశువైద్యురాలు పరీక్షచేసి, మనుషులకు వచ్చే షుగరే దీనికీ వచ్చిందని, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూదులు జీవితాంతం వేయాలని చెప్పింది.

సాయంత్రం సూది పద్మినే వేసేది. తెల్లవారకముందే జెట్టీకి వెళ్ళాలి గనుక ఉదయం సూది దుర్గారావు వంతు. అతనికీ షుగరే. ఏళ్ళ తరబడి తన పొట్టకు తానే పొడుచుకుంటున్న మనిషికి పిల్లి మెడ వెనక తోలు పైకెత్తి పొడవడం కష్టమేమీ కాలేదు. అతని మందూ, పిల్లి మందూ ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉండేవి. ఒకసారి అతను మరిచిపోతే పద్మిని వీధి మొత్తం వినేలా అరిచింది: "నీది మానుకో, నాకేటి నష్టం? దాన్ది మాత్రం మానడానికి వీల్లేదు!" ఆ తరవాత దుర్గారావు ఒక్కరోజూ మానలేదు.

ఇంతలో కార్తీకమాసం వచ్చింది. జబ్బు బయటపడ్డాక వచ్చిన మొదటి కార్తీకం ఇది. దుర్గారావు భార్య రామలక్ష్మి నెల్లాళ్ళూ ఇంట్లోకి నీచు రానివ్వదు. సోమవారాలు భార్యాభర్తలిద్దరూ నక్షత్రం కనిపించేదాకా ఉపవాసం ఉంటారు. వెనకటి కార్తీకాల్లో పిల్లి బజారుకు పోయి తన తిండి తానే చూసుకునేది. ఇప్పుడు దానికి అంత దూరం నడిచే ఓపిక లేదు. అందుకని వదినా మరదళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది: షిప్పు మీద వచ్చే పిల్లితిండి పొట్లాలు పద్మిని కొనిపెడుతుంది, రోజూ ఉదయం రామలక్ష్మి స్నానానికి ముందే ఆ తిండి గిన్నెలో వేస్తుంది, పిల్లి తిన్నాక దుర్గారావు సూది వేస్తాడు. ఒప్పందం నోటిమాటే. దాన్ని ఉల్లంఘిస్తే ఎవరి ప్రాణం పోతుందో అందులో ఎవరూ చెప్పుకోలేదు.

మొదటి సోమవారం మధ్యాహ్నం పద్మిని ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మధ్యలో తడిసిన గోనెపట్టా మీద సుర్మయి పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని అవి ఎవరినీ చూడడం లేదు. ముందుకాలి దగ్గర తాళాల గుత్తి ఒకటి పెట్టి ఉంది. అది పక్కింటి యర్రయ్యది. రోడ్ల పనిలో మేస్త్రీగా చేసి రిటైరైన ఆయనకు, మూర్ఛ వచ్చినవారి చేతిలో ఇనుము పెట్టడం ఒక్కటే తెలిసిన వైద్యం.

"పద్మినమ్మా, నీ పిల్లికి పిచ్చెక్కినాది. నోట్లో నురగ. కాళ్ళు గిలగిల కొట్టుకున్నాది. నాను తాళాలు పెట్టినాను గాబట్టి ఆగినాది" అన్నాడు యర్రయ్య.

"తాళాలు పెడితే ఆగిపోయే రోగాలకి ఆస్పత్రులెందుకు మామా? తాళాల షాపు పెట్టుకో, బాగా నడుస్తాది."

"జోకులు ఆపు దీదీ" అన్నాడు గోపినాథ్. కాలనీ సంఘానికి తాను కార్యదర్శినని చెప్పుకుంటాడు. ఆ పదవికి ఎన్నిక జరిగినట్టు మాత్రం ఎవరికీ గుర్తులేదు. "ఇది రేబిస్. పక్కా. ఇక్కడ చిన్నపిల్లలు ఆడుకుంటారు. వచ్చే సోమవారందాకా టైం ఇస్తన్నాను. నువ్వు వదిలించుకుంటే సరే, నేదంటే సంఘం చూసుకుంటాది."

"సంఘం అంటే ఎవులు? నువ్వూ, నీ మీసమూనా?"

జనంలో ఎవరో నవ్వారు. గోపినాథ్ నవ్వలేదు. ఒక కాలనీ ఒక జీవికి మరణశిక్ష వేయడానికి ఎంత సాక్ష్యం అవసరమో పద్మినికి ఆ మధ్యాహ్నం తెలిసివచ్చింది. కాస్త నురగ, ఒక్క పెద్దగొంతు ఉంటే చాలు. నిందితురాలికి నోరు లేకపోవడం మరింత సౌకర్యం.

పిల్లిని ఒళ్ళోకి తీసుకుని ఆమె సింధూరికి ఫోన్ చేసింది.

"రేబిస్ ఈ దీవుల్లోనే లేదు ఆంటీ, ఆ మాట అన్నవాళ్ళని నా దగ్గరికి పంపండి" అంది సింధూరి. "షుగరు బాగా పడిపోయినా ఇలాగే ఫిట్స్ వస్తాయి. పొద్దున సూదికి ముందు తిన్నదా?"

పద్మిని తల తిప్పి గుమ్మంలో నిలబడ్డ రామలక్ష్మిని అడిగింది. "పొద్దున్న తిన్నాదా ఇది?"

"తినింది వదినా."

"ఎంత తిన్నాది?"

"తినింది అంటన్నాను కదా. మళ్ళీ ఎంతంటే ఏటి సెప్పను, తూకం ఏసినానా?"

ఫిట్స్ ఆగాక రామలక్ష్మి భయపడి పిల్లి ముందు పాలు పెట్టిన మాట, అది కొంచెం నాకిన మాట నిజమే. దాన్ని పట్టుకుని ఉదయం గురించిన ప్రశ్నకు ఆమె జవాబు చెప్పింది. కోర్టులో దీన్ని అబద్ధసాక్ష్యం అంటారు. ఇళ్ళలో మాత్రం దీనికి ఏ పేరూ పెట్టరు.

తిన్నదనే మాట మీద ఆధారపడి సింధూరి మందు మోతాదు కొంచెం తగ్గించింది. మళ్ళీ ఫిట్స్ వస్తే చిగుళ్ళకు తేనె రుద్దమంది. గొంతులో ఏదీ పోయవద్దని, పళ్ళ మధ్య వేలు పెట్టవద్దని హెచ్చరించింది. "వీలైనంత తొందరగా తీసుకురండి ఆంటీ. చూడకుండా నేను ఇంతకన్నా ఏం చెప్పినా తప్పే."

తీసుకువెళ్ళడానికి దారి లేకపోయింది. సముద్రంలో వాయుగుండం పట్టి బోట్లు ఒకటొకటిగా రద్దయ్యాయి. ట్రంకు రోడ్డు మీద చెట్లు కూలి బస్సులూ ఆగాయి. రద్దయిన టికెట్లు పట్టుకుని జనం తిడుతుంటే పద్మిని కిటికీ వెనక కూర్చుని వాళ్ళను తిరిగి తిట్టింది. అందరికంటే ముందు పోర్ట్ బ్లెయిర్ చేరవలసిన అవసరం తనదేనని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమంతా సుర్మయి బాగానే ఉంది. గిన్నె ఖాళీ చేసింది. వాన వెలిసినప్పుడు గోడెక్కి కూర్చుంది. అది గోడెక్కితే తల్లులు పిల్లలను లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. ఎవరో రాయి విసిరారు. ఆ రాయిని పద్మిని చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇది మీదేటి? మీదైతే తీసుకోండి, తిరిగి ఇచ్చే పద్ధతి నాకు తెలుసు" అని అడిగింది. ఎవరూ తమదనలేదు.

రెండో సోమవారం జెట్టీ మూసే ఉంది. ప్రమాద సూచిక ఎత్తారని, ఆ రోజు ఏ బోటూ కదలదని తెలిశాక పద్మిని కిటికీకి గొళ్ళెం పెట్టి ఇంటిదారి పట్టింది. ఉదయం ఇంకా చాలా మిగిలి ఉండగానే గుమ్మంలో అడుగుపెట్టింది. ఇల్లంతా కర్పూరం వాసన. రామలక్ష్మి తలస్నానం చేసి తడిజుట్టుతో పూజగదిలో అభిషేకానికి సిద్ధం చేస్తోంది. దుర్గారావు పట్టుపంచె కట్టుకుని పూలు కోస్తున్నాడు.

"సుర్మయి ఏదీ?"

"ఎక్కడో తిరుగుతాది వదినా, పిల్లి కదా" అంది రామలక్ష్మి తల ఎత్తకుండా.

అప్పుడే పెరట్లోని స్నానాలగదిలో బకెట్టు దొర్లిన చప్పుడైంది. ఆ వెనకే సిమెంటు గచ్చు మీద గోళ్ళు గీరుతున్న చప్పుడు, ఆగకుండా. తలుపుకు బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. పద్మిని గొళ్ళెం తీసి తలుపు తోసింది. సుర్మయి పక్కకు పడిపోయి నాలుగు కాళ్ళతో గాలిలో ఈదుతోంది. దవడ టకటకా కొట్టుకుంటోంది. కింద మూత్రం మడుగు. మెడ వెనక్కి విల్లులా వంగిపోయి ఉంది.

ఆమె బకెట్టును కాలితో తన్ని దూరంగా నెట్టింది. పిల్లి తల గోడకు కొట్టుకోకుండా తన కొంగు చుట్టగా చేసి అడ్డుపెట్టింది. తరవాత ఒక్క పరుగున చెప్పులతోనే పూజగదిలోకి వెళ్ళి, అభిషేకానికి తీసి ఉంచిన తేనె గిన్నె అందుకుంది.

"వదినా! మైల! ఆ చేతుల్తో... అది స్వామిది!"

"స్వామికి షుగరు లేదు. నోరు మూయ్."

పిల్లి చిగుళ్ళ మీద, పెదవి లోపలివైపు ఆమె తేనె రుద్దింది. కాస్త ఆగి మళ్ళీ రుద్దింది. దవడ తన వేలు మీద మూసుకున్నా చెయ్యి తీయలేదు. రక్తం వచ్చింది. కాళ్ళ ఈదులాట నెమ్మదించింది. "దుర్గా! నీ మీటరు తే!" అని ఆమె అరిచింది. తమ్ముడు తన షుగరు చూసుకునే యంత్రం తెచ్చాడు. చెవి అంచున సూదిమొన గుచ్చి, వచ్చిన చుక్కను పట్టీకి అంటించారు. యంత్రం అంకె చూపించలేదు. లెక్కకు అందనంత తక్కువ అని చెప్పే రెండు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం చూపించింది.

అంతలో వాకిట్లో గోపినాథ్ గొంతు. గడువు ముగిసిందని వచ్చాడు. చేతికి తొడుగులు, భుజాన గోనెసంచి. వెనకే యర్రయ్య.

"చూడండి, మళ్ళీ ఒచ్చినాది. నాను చెప్పలేదేటి?" అన్నాడు గోపినాథ్, తన జోస్యం ఫలించినవాడి సంతోషంతో. "తప్పుకో దీదీ. నొప్పి తెలవకుండా అయిపోద్ది. సముద్రం దగ్గరే కదా."

పద్మిని కూర్చున్నచోటి నుంచి లేవలేదు. పిల్లి తల ఆమె ఒళ్ళో ఉంది.

"సంచి తెచ్చినావు. బాగుంది. అది పట్టుకునే థానాకి పోదాం రా. నోరులేని జీవిని చంపడం చట్టంలో నేరం. ఈ పిల్లిని సముద్రంలో ఏయడానికి ఒచ్చినానని అక్కడ నువ్వే చెప్పు. మామ సాక్షి."

"నన్నెందుకమ్మా లాగుతావు, నాను ఊరికే ఒచ్చినాను" అని యర్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఊరికే రాలేదు మామా. సూడ్డానికి ఒచ్చినావు. అయితే బాగా సూడు." ఆమె యంత్రాన్ని ఎత్తి చూపించింది. "షుగరు పడిపోయింది. తేనె రుద్దితే తిరుగుతాది. తేనెకి లొంగే పిచ్చి ఎక్కడైనా ఉందేటి?"

గోపినాథ్ పోలేదు. తన మాట నెగ్గుతుందన్న ఆశతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాకిట్లో అందరూ చూస్తుండగానే సుర్మయి మెడ సడలింది. ఒక చెవి కదిలింది. కాసేపటికి అది తల ఎత్తబోయి, తూలి, మళ్ళీ ఎత్తింది. తేనె అంటిన మూతిని నాలుకతో నాకింది. దుర్గారావు చేత పొట్లం తెప్పించి పద్మిని గుప్పెడు తిండి నీళ్ళలో నానబెట్టి పెట్టింది. పిల్లి మొహం గిన్నెకు కొట్టుకుంది. గిన్నె ఎక్కడుందో వాసనతో వెతుక్కుని తినసాగింది. నాలుగు రోజులుగా తిండి చూడనిదానిలా తింటోంది.

ఆ తినే తీరు చూశాకే పద్మినికి అసలు ప్రశ్న తట్టింది. ఆమె తమ్ముడి వైపు తిరిగింది. కిటికీ వెనక నుంచి దొంగ పాసువాడిని చూసే చూపు అది.

"దుర్గా. పొద్దున్న దీనికి సూది ఏసినావా?"

"ఏసినానక్కా. టైముకి."

"నీది ఏసుకున్నావా?"

"నాదా? నేదు."

"ఎందుకు?"

"ఇయ్యాల సోమవారం కదా, ఉపోషం. తిండి తినకుండా సూది ఏసుకుంటే కళ్ళు తిరిగి పడి..."

అతని మాట అక్కడ ఆగిపోయింది. దుర్గారావు మొదట తన చేతులను చూసుకున్నాడు. తరవాత పిల్లిని, తరవాత భార్యను చూశాడు. తన ఒంటి విషయంలో అంత కచ్చితంగా తెలిసిన సంగతి పక్కనున్న ఒంటికి కూడా వర్తిస్తుందని ఆ మనిషికి తట్టలేదు. ఇన్నేళ్ళ జబ్బు అతనికి తనను తాను కాపాడుకోవడం మాత్రమే నేర్పింది.

"నువ్వు తిండి పెట్టినావనుకున్నాను" అన్నాడు భార్యతో.

"మడి కట్టుకున్నాక ఆ నీచుపొట్లం ఎలాగ ముట్టుకుంటాను?" అంది రామలక్ష్మి. "మిగతా రోజులు స్నానం ముందే పెడతన్నాను. సోమవారం చీకటితోనే తలంటు. సాయంత్రం మనతోపాటే అదీ తింటాది, ఒక్కపూట ఉపోషమే కదా, దానికీ పుణ్యమే అనుకున్నాను. పక్కింటి మీద పడకుండా గదిలో పెట్టినాను. అంతే. తిండి నేకపోయినా సూది ఏస్తాడని నాకేటి తెలుసు?"

"పోయిన సోమవారం తినిందని చెప్పినావు" అంది పద్మిని.

"పాలు తాగింది కదా!"

"డాక్టరమ్మ అడిగింది పొద్దుటి తిండి. నీ మాట నమ్మి ఆవిడ మందు లెక్కేసింది. పుణ్యం కావాలంటే నీ కడుపు మాడ్చుకో రామలక్ష్మీ. దాని కడుపు మీద నీకేటి హక్కు?"

దుర్గారావు నేల చూస్తూ మెల్లగా అన్నాడు: "నువ్వే కదక్కా, నాది మానినా దాన్ది మానకూడదన్నావు."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే పద్మిని కోపం ఇంకా పెరిగింది. తిండి లేకపోతే సూది కూడా వేయకూడదన్న ముక్క ఆమె ఏనాడూ పలకలేదు. అది చెప్పనక్కరలేని సంగతని అనుకుంది. ఆ ఇంట్లో చెప్పనక్కరలేనిది ఏదీ లేదని ఇప్పుడు తెలిసింది.

గోపినాథ్ సంచి మడతపెట్టుకున్నాడు. "ఇంట్లోవాళ్ళ మధ్య గొడవకి మమ్మల్ని లాగుతారేటి" అని ఎవరికీ తగలకుండా ఒక మాట విసిరి వెళ్ళిపోయాడు. రేబిస్ అన్న మాటను అతను వెనక్కి తీసుకోలేదు. ఆ తరవాత కూడా కాలనీలో ఎవరూ తీసుకోలేదు. తమ మాట తప్పని ఒప్పుకోవడం కంటే ఒక ముసలి పిల్లిని జీవితాంతం అనుమానించడం వాళ్ళకు తేలికగా తోచింది.

పిల్లి బతికింది గాని దాని చూపు పూర్తిగా తిరిగి రాలేదు. అది నడుస్తూ గుమ్మానికి గుద్దుకుంటోంది. బోట్లు తిరగగానే పద్మిని దాన్ని పోర్ట్ బ్లెయిర్ తీసుకువెళ్ళింది. మెదడుకు చక్కెర అందని ఆ కాసేపట్లో ఈ నష్టం జరిగి ఉంటుందని, కొంత మెరుగుపడవచ్చునని, పడకపోనూవచ్చునని సింధూరి చెప్పింది. తిన్నది చూశాకే సూది, సగమే తింటే తనకు ఫోన్ చేసి మోతాదు అడగాలి, అసలు తినకపోతే సూది లేదు అని ఆమె చెప్పిన మాటలను పద్మిని తిరుగు ప్రయాణమంతా వల్లె వేసుకుంటూ వచ్చింది.

ఇంటికి వచ్చిన సాయంత్రమే ఆమె తన మంచం, కరెంటు పొయ్యి, ఒక గిన్నె వరండాలోకి మార్చింది. తండ్రి కట్టిన ఇంట్లో తమ్ముడికి ఎంత భాగమో తనకూ అంతే భాగమని, వరండా తన భాగంలోదని, ఇక నుంచి ఈ వరండాలో కార్తీకం లేదని ప్రకటించింది. మర్నాడు చీకటితోనే చేపముక్కలు ఉడికాయి. ఆ వాసన కిటికీలోంచి తిన్నగా పూజగదిలోకి పోయింది. రామలక్ష్మి కిటికీలు బిగించి, అగరొత్తులు రెట్టింపు వెలిగించి, భర్తతో బిగ్గరగా అంది: "నెలంతా నా నోము మంటగలిసింది. ఒక్క పిల్లి కోసం."

"పిల్లి కళ్ళు మంటగలిసినాయి. ఒక్క నోము కోసం" అంది పద్మిని వరండాలోంచి.

ఆనాటి నుంచి వదినా మరదళ్ళకు మాటల్లేవు. పద్మిని రాజీ కోరలేదు. క్షమాపణ చెప్పమని కూడా అడగలేదు. అడిగితే వస్తుందని, వస్తే తాను చల్లబడవలసి వస్తుందని ఆమెకు తెలుసు. చల్లబడే ఉద్దేశం ఆమెకు లేదు. ఆమె ఉదయం డ్యూటీని పగటిపూటకు మార్చమని పై అధికారిని అడిగింది. కుదరదన్నాడు. కనక ఉదయం సూదికి మళ్ళీ దుర్గారావే దిక్కు. తన పిల్లి ప్రాణాన్ని దాదాపు తీసిన చేతికే మళ్ళీ అప్పగించాల్సి రావడం ఆమెకు అన్నిటికంటే దుర్భరమైంది.

చివరి కార్తీక సోమవారం ఆమె జెట్టీకి బయలుదేరబోతూ చేప ఉడికించి గిన్నెలో వేసింది. సుర్మయి గుమ్మానికి ఒకసారి గుద్దుకుని, తలతిప్పి, వాసన పట్టి వచ్చింది. తలుపు తెరుచుకుని దుర్గారావు బయటికి వచ్చాడు. ఒంటి మీద తడిబట్టలు, చేతిలో సూది. లోపల నుంచి రామలక్ష్మి, "అభిషేకం టైమవుతంది, ఆ నీచు దగ్గరికి పోకండి, మళ్ళీ స్నానం చెయ్యాల!" అని కేక వేసింది. అతను వరండా మెట్టు మీద, చేపగిన్నెకు చేరువగా గొంతుక్కూర్చున్నాడు.

"తిన్నాదా అక్కా?"

"కళ్ళు నేవా నీకు? దానికైతే నేవు, నీకున్నాయి కదా. సూడు."

దుర్గారావు సూది మూత తీయకుండా కూర్చుని చూశాడు. సుర్మయి ఒక ముక్క నమిలి, ఆగి, ఇంకో ముక్క కోసం గిన్నెలో వెతుక్కుంది. బోటుకు ఆలస్యమవుతున్నా పద్మిని గొడుగు చేతపట్టుకుని అక్కడే నిలబడింది. ఆమె చూస్తున్నది పిల్లిని కాదు, తమ్ముడి చేతిని.